మట్టిలో కొత్త యాంటీబయాటిక్ దొరికిందంటే అర్థమేమిటి?

2025 మార్చిలో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ‘లారియోసిడిన్’ అనే పదార్థం గురించి నేచర్ పత్రికలో ప్రకటించారు. హామిల్టన్ నగరంలో ఒక ఇంటి పెరటి మట్టిలో ఉన్న బ్యాక్టీరియా దాన్ని తయారుచేస్తుంది. ఇలాంటి వార్త చేతులు మారి మన ఫోన్లకు చేరేసరికి ‘మొండి జబ్బులకు మందు దొరికింది’ అన్న ఒక్క ముక్కే మిగులుతుంది. 2015లో టెక్సోబాక్టిన్ గురించీ ఇలాగే చెప్పుకున్నారు. అదీ మట్టిదే. పదేళ్లు గడిచినా మందుల షాపులోకి రాలేదు.

అలాగని మట్టి నుంచి వచ్చిన మందులు మన దగ్గర లేవా అంటే, వరంగల్‌లో ఇంటింటా ఉన్నాయి. క్షయ రోగి మింగే గోలీల్లో మూత్రాన్ని నారింజ రంగుకు తిప్పేది రిఫాంపిసిన్. దాని మూలపదార్థాన్ని తయారుచేసే బ్యాక్టీరియా 1957లో ఫ్రాన్స్ దక్షిణ తీరపు పైన్ అడవి మట్టిలో దొరికింది. గొంతునొప్పి అనగానే చేతిలో పెట్టే మూడు రోజుల గోలీ అజిత్రోమైసిన్‌కు తల్లి ఎరిత్రోమైసిన్, అది ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో మట్టి నుంచి వచ్చింది. డాక్సీసైక్లిన్‌ది టెట్రాసైక్లిన్ కుటుంబం. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గర్ అమెరికాలోని మిస్సోరి పొలం మట్టిలో పట్టుకున్నారు. అది 1948లో లెడర్లీ కంపెనీ నుంచి బయటికొచ్చినప్పుడు అక్కడి పరిశోధనకు సారథి మన యల్లాప్రగడ సుబ్బారావు.

పొలం గట్టు మీదికి పోయినా అంతే. వరిలో పాముపొడ తెగులుకు కొట్టే వాలిడామైసిన్, అగ్గితెగులుకు కొట్టే కాసుగామైసిన్, మిర్చిలో కాయ తొలిచే పురుగుకు కొట్టే ఎమామెక్టిన్ బెంజోయేట్, ఈ మూడూ మట్టి బ్యాక్టీరియా ఇచ్చినవే. మూడోదాన్ని మాత్రం ల్యాబ్‌లో కొంచెం మార్చారు. జపాన్‌లోని కాసుగా అనే దేవాలయం మట్టిలో దొరికింది కాబట్టే కాసుగామైసిన్‌కు ఆ పేరు. ఏనుమాముల మార్కెట్‌కు వచ్చే మిర్చి బస్తా వెనక కూడా ఈ సూక్ష్మజీవుల పని ఉంది.

కాబట్టి మట్టిలో మందు ఉంటుందా అన్నది తేలిపోయిన ప్రశ్న. దొరికినదాంట్లో కొత్తది ఎంత, అది మనిషి ఒంట్లో పనిచేస్తుందా, కిలోల లెక్కన తయారవుతుందా, తయారుచేసిన కంపెనీ నిలబడుతుందా అన్నవే ఇప్పటి చిక్కుముడులు.

## ముందు పేర్లు సరిచూసుకుందాం

బ్యాక్టీరియాను చంపే లేదా పెరగకుండా ఆపే మందును యాంటీబయాటిక్ అంటాం. వైరస్‌ల మీద దానికి పట్టు లేదు. పుట్టుకను బట్టి ఈ మందులు మూడు రకాలు. సూక్ష్మజీవి తయారుచేసింది తయారుచేసినట్టే వాడితే సహజం: స్ట్రెప్టోమైసిన్, వాంకోమైసిన్ అలాంటివి. సూక్ష్మజీవి ఇచ్చిన అణువుకు ల్యాబ్‌లో ఒకటి రెండు మార్పులు చేస్తే అర్ధసంశ్లేషితం: రిఫాంపిసిన్, అజిత్రోమైసిన్. మొదటి నుంచి చివరి దాకా రసాయనశాలలోనే కట్టింది సంశ్లేషితం: సిప్రోఫ్లాక్సాసిన్, లినెజోలిడ్.

ఇంకో పొరపాటు తరచూ జరుగుతుంది. 1928లో ఫ్లెమింగ్ చూసిన పెన్సిలిన్ బూజు నుంచి వచ్చింది, బూజు ఫంగస్. మట్టి బ్యాక్టీరియా కథ దాని తర్వాతిది. అమెరికాలోని రట్గర్స్‌లో సెల్మన్ వాక్స్‌మన్ ల్యాబ్ మట్టి బ్యాక్టీరియాను వరసపెట్టి పరీక్షించే పద్ధతి పెట్టింది. 1943లో అక్కడే ఆల్బర్ట్ షాట్జ్ అనే విద్యార్థి స్ట్రెప్టోమైసిన్‌ను పట్టుకున్నాడు. క్షయకు అంతకుముందు పనిచేసే మందే లేదు. 1952లో నోబెల్ మాత్రం వాక్స్‌మన్ ఒక్కరికే ఇచ్చారు. షాట్జ్ కోర్టుకెక్కి సహ ఆవిష్కర్తగా గుర్తింపు సాధించుకోవాల్సి వచ్చింది.

స్ట్రెప్టోమైసిన్ ఇచ్చిన జాతి స్ట్రెప్టోమైసెస్. ఇది బ్యాక్టీరియానే, కానీ బూజులాగా దారాలు దారాలుగా పెరుగుతుంది, ఆహారం తగ్గగానే విత్తనాల్లా పనిచేసే పొడిలాంటి స్పోర్లు విడుస్తుంది. మృగశిర కార్తెలో తొలి వాన పడగానే చెలకల మీంచి లేచే మట్టివాసన చాలావరకు దీనిదే. ఆ వాసన పదార్థం పేరు జియోస్మిన్. 2020లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, ఆ వాసనకు మట్టిలోని స్ప్రింగ్‌టెయిల్ అనే చిన్న పురుగులు వస్తాయి, స్ట్రెప్టోమైసెస్‌ను తింటాయి, స్పోర్లను ఒంటికి అంటించుకుని ఇంకో చోటికి మోస్తాయి. మన ముక్కుకు ఇష్టమైన వాసన ఆ జీవికి బతుకుతెరువు.

## ఇవి మందులెందుకు తయారుచేస్తాయి?

పాత వివరణ యుద్ధం. గింజంత మట్టిలో వేల రకాల జీవులు ఒకే వేరు ముక్క కోసం పోటీపడతాయి, ఎదుటివాణ్ని చంపే విషం ఉన్నవాడిదే పైచేయి. స్ట్రెప్టోమైసెస్ స్పోర్లు వేసే ముందు తన దారాలను తానే కరిగించుకుని ఆహారంగా వాడుకుంటుంది. సరిగ్గా ఆ సమయంలోనే యాంటీబయాటిక్ తయారీ మొదలవుతుంది. కరిగిన ఆహారాన్ని దొంగలు ఎత్తుకుపోకుండా కాపలా అన్నమాట.

రెండో వాదన వేరు. మట్టిలో ఈ పదార్థాల మోతాదు చాలా తక్కువ, చంపడానికి అది సరిపోదు. అంత తక్కువ మోతాదులో అవి పక్క బ్యాక్టీరియా జన్యువుల పనిని మారుస్తాయి కానీ చంపవు, కాబట్టి ఇవి అసలు సంకేతాలు అని కొందరి మాట. రెంటికీ ఆధారాలున్నాయి. వేరు పక్కన, కుళ్లుతున్న ఆకు కింద మోతాదు పెరిగి ఆయుధమూ కావచ్చు, దూరాన పలచబడి సంకేతమూ కావచ్చు.

ఈ తగువుకు ప్రయోగశాలలో నేరుగా విలువ ఉంది. శత్రువు పక్కన ఉంటేనే విషం తీసే జీవిని గాజు పళ్లెంలో ఒంటరిగా పెంచితే అది ఏమీ తయారుచేయదు. స్ట్రెప్టోమైసెస్ సీలికలర్ జన్యుక్రమం 2002లో పూర్తిగా చదివినప్పుడు ఇదే బయటపడింది. అప్పటిదాకా దాని నుంచి తెలిసిన పదార్థాలు గుప్పెడు, వాటిని తయారుచేయగల జన్యు సముదాయాలు మాత్రం ఇరవైకి పైగా. మిగతావి నిద్రలో ఉన్నాయి.

విషం తయారుచేసేవాడు తాను చావకుండా ఏం చేస్తాడు? స్ట్రెప్టోమైసిన్ తయారుచేసే జీవి దానికి ఒక ఫాస్ఫేట్ తగిలించి, పనిచేయకుండా చేసి లోపల ఉంచుకుంటుంది, బయటికి పోయాకే ఆ ఫాస్ఫేట్ ఊడుతుంది. ఎరిత్రోమైసిన్ తయారుచేసే జీవి తన రైబోజోమ్‌లో (కణంలో ప్రోటీన్లు తయారుచేసే యంత్రం) మందు అతుక్కునే చోటికే చిన్న రసాయన గుర్తు వేసుకుంటుంది. ఇవే ప్రతిరోధక జన్యువులు. దవాఖానలో మందుకు లొంగని సూక్ష్మజీవుల్లో మనం చూసే ఎత్తుల్లో కొన్ని ఇవే. ముప్పై వేల ఏళ్ల నాటి గడ్డకట్టిన నేలలోనూ అలాంటి జన్యువులు ఉన్నాయని 2011లో తేలింది. అంటే మందు ఎంత పాతదో, విరుగుడూ అంత పాతది. మనం చేసిన తప్పల్లా విచ్చలవిడిగా మందు వాడి, ఆ విరుగుడు ఉన్నవాళ్లనే బతికించడం.

## చెంచాడు మన్ను ల్యాబ్‌కు చేరాక

వరంగల్ జిల్లా పాకాల అడవి అంచున ఒక చెలక అనుకుందాం. పైన రాలిన ఆకుచెత్త పక్కకు జరిపి, 10–15 సెంటీమీటర్ల లోతు నుంచి తీసిన మట్టి. దాన్ని ముందు నీడన వారం రోజులు ఆరబెడతారు. మామూలు బ్యాక్టీరియా చాలావరకు ఎండి చస్తుంది, స్పోర్లున్న స్ట్రెప్టోమైసెస్ తట్టుకుంటుంది. కొందరు పది గ్రాముల మట్టికి గ్రాము కాల్షియం కార్బొనేట్ కలుపుతారు, ఇంకొందరు పొడి మట్టిని వంద డిగ్రీల పైన గంటసేపు వేడిచేస్తారు. అన్నిటి ఉద్దేశం ఒకటే, గుంపులో మనకు అక్కర్లేనివాళ్లను తగ్గించడం.

తర్వాత పలచన చేయడం. ఒక గ్రాము మట్టిని 9 మి.లీ. శుద్ధి చేసిన నీళ్లలో కలిపితే పదో వంతు. అందులోంచి 1 మి.లీ. తీసి మళ్లీ 9 మి.లీ.లో కలిపితే వందో వంతు. ఇలా నాలుగుసార్లు చేస్తే పదివేలో వంతు. దాంట్లోంచి 0.1 మి.లీ. తీసి పిండి, కేసిన్ (పాల ప్రోటీన్) ఉన్న అగార్ అనే జెల్లీ మీద పరుస్తారు. బూజు రాకుండా సైక్లోహెక్సిమైడ్, అనవసరపు గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియా (గోడ పైన ఇంకో పొర ఉన్న రకం) రాకుండా నాలిడిక్సిక్ ఆమ్లం ముందే కలిపి ఉంటాయి. 28 డిగ్రీల దగ్గర ఏడు నుంచి పద్నాలుగు రోజులు ఉంచుతారు.

పళ్లెంలో 64 కాలనీలు వచ్చాయనుకుందాం. 64ను 0.1తోనూ, పదివేలో వంతుతోనూ భాగిస్తే గ్రాముకు 64 లక్షలు. మైక్రోస్కోప్ కింద అదే మట్టిని లెక్కిస్తే కనిపించే కణాలు దీనికి కనీసం వంద రెట్లు ఉంటాయి. పళ్లెంలో పెరిగేది నూటికి ఒకటి. ఈ తేడా దగ్గరికి మళ్లీ వద్దాం.

ఈ దశలో చెడేవి తెలిసినవే. రెండో రోజుకే బాసిల్లస్ అనే బ్యాక్టీరియా పళ్లెమంతా పాకి మిగతావాటిని కప్పేస్తుంది. ఎండాకాలంలో ఇంక్యుబేటర్‌లో తేమ లేకపోతే పద్నాలుగు రోజుల్లో అగార్ అప్పడంలా ఎండిపోతుంది. తొందరపడి మూడో రోజు పళ్లెం పారేస్తే, నెమ్మదిగా పెరిగే అరుదైన జాతులు కళ్లబడకుండానే పోతాయి. స్ట్రెప్టోమైసెస్ కాలనీని చేయి తిరిగినవాళ్లు సూదితో గుర్తుపడతారు. పైన సున్నం చల్లినట్టు పొడిపొడిగా ఉంటుంది, కింద అగార్‌లోకి వేళ్లలా దిగి ఉంటుంది, సూదితో గీకితే ఒకపట్టాన రాదు.

విడిగా తీసిన ప్రతి కాలనీని మరో పళ్లెం మధ్యలో గీతలా పెంచుతారు. ఐదారు రోజుల తర్వాత, దానికి అడ్డంగా ఈ.కోలై, స్టెఫిలోకాకస్ ఆరియస్ లాంటి పరీక్ష బ్యాక్టీరియాను గీస్తారు. గీత మధ్యదాకా రాకుండా దూరంగానే ఆగిపోతే, మధ్యలో ఉన్నవాడు ఏదో వదులుతున్నాడని అర్థం. లేదంటే పెంచిన ద్రవంలోని పదార్థాన్ని ద్రావణితో లాగి, 6 మి.మీ. కాగితపు బిళ్లకు పట్టించి పెడతారు. చుట్టూ ఏర్పడే ఖాళీ వలయాన్ని ‘జోన్’ అంటారు.

## జోన్ వచ్చిందంటే మందు వచ్చినట్టేనా?

జోన్ రావడానికి సవాలక్ష కారణాలు. బ్యాక్టీరియా ఆమ్లం వదిలినా జోన్ వస్తుంది. బిళ్లలో ద్రావణి ఇథైల్ ఎసిటేట్ పూర్తిగా ఆరకపోయినా వస్తుంది. అందుకే ద్రావణి మాత్రమే పట్టించిన బిళ్ల ఒకటి పక్కన పెట్టని ప్రయోగానికి విలువ లేదు. ఇక 22 మి.మీ. జోన్ 12 మి.మీ. జోన్ కన్నా శక్తిమంతం అనుకోవడం పొరపాటు. పెద్ద అణువులు అగార్‌లో నెమ్మదిగా పాకుతాయి. వాంకోమైసిన్, కోలిస్టిన్ లాంటివి ప్రాణాలు నిలిపే మందులైనా జోన్ చిన్నదే ఇస్తాయి.

సరైన కొలత ఎంఐసీ, అంటే పెరుగుదలను ఆపే కనీస మోతాదు. గుంటల పళ్లెంలో ఒక్కో గుంటకు సగం సగం తగ్గిస్తూ మందు పోస్తారు: మి.లీ.కు 64 మైక్రోగ్రాములు, 32, 16, 8, 4, 2, 1, అర. అన్నింటిలో ఒకే సంఖ్యలో బ్యాక్టీరియా వేసి, రాత్రంతా ఉంచి చూస్తారు. 2 దాకా నీళ్లు తేటగా ఉండి, 1 దగ్గర మసకబారితే ఎంఐసీ 2.

ఇప్పుడు అసలు ప్రశ్న. అదే పదార్థం మనిషి కణాలను ఎంత మోతాదులో చంపుతుంది? 200 దగ్గర చంపితే మనకు వంద రెట్ల వెసులుబాటు ఉంది, ముందుకు పోవచ్చు. 4 దగ్గరే చంపితే అది విషం. ఫినాయిల్ కూడా బ్యాక్టీరియాను చంపుతుంది, దాన్నెవరూ సెలైన్‌లో ఎక్కించరు. మన దేశంలో వచ్చే చాలా పరిశోధన పత్రాలు జోన్ కొలత దగ్గరే ఆగిపోతాయి. పదార్థం పేరు తెలియదు, ఎంఐసీ ఉండదు, విషగుణం చూడరు. శ్రమ తక్కువని ఎవరూ అనలేరు. కానీ ఆ దశలో తేలింది ‘ఈ మట్టిలో ఏదో ఉంది’ అనే, అది ఎనభై ఏళ్లుగా తెలిసిన సంగతే.

## మళ్లీ మళ్లీ దొరికే పాత ముఖాలు

మట్టి పరిశోధనను చంపింది ఖాళీ చేతులు కావు, నిండు చేతులే. రిచర్డ్ బాల్ట్జ్ అనే శాస్త్రవేత్త వేసిన అంచనాల ప్రకారం, స్ట్రెప్టోమైసెస్, దాని బంధువుల్లో ప్రతి పదింటిలో ఒకటి స్ట్రెప్టోథ్రిసిన్ అనే పాత యాంటీబయాటిక్‌ను తయారుచేస్తుంది. వందకు ఒకటి స్ట్రెప్టోమైసిన్. డాప్టోమైసిన్ లాంటి అరుదైన మందు కావాలంటే కోటి జీవులను వెతికినా ఒకటో రెండో.

అంటే పాకాల మట్టి నుంచి వెయ్యి జీవులను విడదీస్తే, సుమారు వంద స్ట్రెప్టోథ్రిసిన్, పది స్ట్రెప్టోమైసిన్ వస్తాయి. అన్నీ చక్కటి జోన్లే ఇస్తాయి. ఒక్కోదాన్ని శుద్ధిచేసి నిర్మాణం తేల్చడానికి నెలలు పడుతుంది, తీరా చూస్తే 1940ల నాటి మందు. 1960ల తర్వాత కంపెనీలు విసిగిపోయింది ఇందుకే.

ఇప్పుడు దీనికి వడపోత ఉంది. పచ్చి ద్రవాన్నే మాస్ స్పెక్ట్రోమీటర్‌కు ఎక్కిస్తే అందులోని అణువుల బరువులు తెలుస్తాయి. 581 ప్రాంతంలో బరువు కనబడగానే స్ట్రెప్టోమైసిన్‌గా అనుమానించి, తెలిసిన అణువుల పట్టికతో పోల్చి, ఒక పూటలో పక్కన పెట్టేయవచ్చు. ఇంకో తెలివైన పద్ధతి పరీక్ష బ్యాక్టీరియానే మార్చడం. స్ట్రెప్టోమైసిన్‌కూ స్ట్రెప్టోథ్రిసిన్‌కూ లొంగని ఈ.కోలైని వాడితే, ఆ రెండింటి జోన్లు అసలు కనిపించవు.

అయితే పాతదని పారేసినదంతా పనికిరానిది కాదు. వాక్స్‌మన్ ల్యాబ్ 1942లో కనిపెట్టిన స్ట్రెప్టోథ్రిసిన్‌ను మూత్రపిండాలను దెబ్బతీస్తుందని వదిలేశారు. అది నిజానికి కొన్ని అణువుల మిశ్రమం. వాటిలో ‘ఎఫ్’ రకానికి విషగుణం తక్కువని, ఏ మందుకూ లొంగని గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియా మీద పనిచేస్తోందని 2023లో అమెరికా పరిశోధకులు చూపారు.

## పెరగని తొంభై తొమ్మిది

పళ్లెంలో పెరిగేది నూటికి ఒకటే అన్నాం. మిగతావాటిని పట్టే దారులు ఇప్పుడు కొన్ని ఉన్నాయి.

టెక్సోబాక్టిన్‌ను ఇచ్చిన దారి ‘ఐచిప్’. బొటనవేలంత పలకకు వందల సన్నని రంధ్రాలు. మట్టిని ఒక్కో రంధ్రంలో ఒక్కో కణం పడేంత పలచగా చేసి నింపి, రెండు పక్కలా పొరలు అంటిస్తారు. పొరలోంచి పోషకాలు వస్తాయి, బ్యాక్టీరియా రాదు. తర్వాత పలకను తీసుకెళ్లి అదే మట్టిలో పాతేస్తారు. జీవికి తన ఊళ్లోనే ఉన్నట్టు ఉంటుంది. ఇలా పెంచితే సగం దాకా పెరిగాయి. అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు గడ్డి మైదానం మట్టి నుంచి పెంచిన పదివేల జీవుల్లో ఒకటి ఎలెఫ్తీరియా టెరే, టెక్సోబాక్టిన్ దానిదే.

లారియోసిడిన్ వాళ్లు ఇంకా సాదా పని చేశారు, ఓపిక పట్టారు. మట్టి బ్యాక్టీరియాను సుమారు ఏడాది పాటు ల్యాబ్‌లో పెరగనిచ్చారు. నెమ్మదిగా పెరిగే పేనిబాసిల్లస్ అనే బ్యాక్టీరియా అలా బయటపడింది.

మూడోదారిలో జీవినే పెంచరు. మట్టి నుంచి నేరుగా డీఎన్‌ఏ తీసి, యాంటీబయాటిక్ తయారీ జన్యువుల్లా కనిపించేవాటిని వెతికి, పెంచడానికి వీలైన మరో స్ట్రెప్టోమైసెస్‌లో పెడతారు. 2018లో షాన్ బ్రేడీ బృందం మాలాసిడిన్‌లను ఇలాగే తీసింది. కాగితం మీద ఇది అన్నింటికన్నా అందమైన పద్ధతి. ఆచరణలో పొడవైన జన్యు సముదాయం ముక్కలైపోవడం, పెట్టినా అతిథి జీవి దాన్ని పట్టించుకోకపోవడం మామూలు.

ఇంత కష్టం ఎందుకు, కంప్యూటర్‌తో అణువులు గీసుకోవచ్చుగా అనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల వాదనలో బలముంది. సంశ్లేషిత అణువును తయారుచేయడం, మార్చడం తేలిక, కృత్రిమ మేధ లక్షల అణువులను రోజుల్లో జల్లెడ పడుతోంది. కానీ ఒక అనుభవం కళ్లముందుంది. 1995–2001 మధ్య గ్లాక్సోస్మిత్‌క్లైన్ తన రసాయనాల నిల్వ మీద 70 భారీ వడపోతలు చేస్తే ఆశపెట్టుకోదగ్గవి ఐదే మిగిలాయి. మనుషుల జబ్బులకోసం పోగేసిన రసాయనాలు బ్యాక్టీరియా గోడ దాటలేకపోయాయి. ఆ గోడ దాటే విద్య కోట్ల ఏళ్లుగా సాధన చేసింది మట్టి జీవులే.

## రెండు గోడల ఇల్లు

ఆ గోడ సంగతే వార్తల్లో ఎక్కువగా తప్పిపోయేది. స్టెఫిలోకాకస్ లాంటి గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియాకు బయట మందపాటి జాలి గోడ ఉంటుంది, మందు దాంట్లోంచి దూరుతుంది. క్లెబ్సియెల్లా, ఎసినెటోబాక్టర్ లాంటి గ్రామ్ నెగెటివ్‌లకు గోడ పలచన, కానీ దాని పైన ఇంకో కొవ్వు పొర కాపలా. అందులోని సన్నటి ద్వారాల్లో సుమారు 600 డాల్టన్లకు (అణువుల బరువుకు కొలత) మించిన అణువు పట్టదు. తప్పించుకుని దూరినా లోపలి పంపులు బయటికి తోసేస్తాయి.

టెక్సోబాక్టిన్ బరువు 1,242. అది గోడ కట్టే ఇటుకలాంటి లిపిడ్–2ను పట్టుకుంటుంది, అది ప్రోటీన్ కాకపోవడంతో బ్యాక్టీరియాకు మార్చుకోవడం కష్టం. అందుకే ప్రతిరోధం రావడం కష్టమన్న పేరు నిజమే. కానీ ఐసీయూలో వెంటిలేటర్ మీదున్న రోగిని ఎక్కువగా భయపెట్టే గ్రామ్ నెగెటివ్‌ల మీద దానికి పట్టు లేదు. లారియోసిడిన్ విశేషం సరిగ్గా ఇక్కడ ఉంది. తాడు ముడి ఆకారంలో ఉండే ఈ పెప్టైడ్ (చిన్న ప్రోటీన్ లాంటిది) తన ధనావేశంతో పొర దాటి, రైబోజోమ్ మీద మునుపటి మందులు వాడని చోట అతుక్కుంటుంది. ఎలుకల్లో ఎసినెటోబాక్టర్ మీద పనిచేసింది. ఎలుకల్లో, అంతవరకే.

## మిల్లీగ్రాముల నుంచి కిలోలకు

అడవి నుంచి తెచ్చిన జీవి లీటరుకు ఇచ్చేది మిల్లీగ్రాముల్లోనే. ఊహకు ఒక లెక్క వేద్దాం. లీటరుకు 20 మి.గ్రా., శుద్ధిచేసేలోపు అరవై శాతం పోతుంది, చేతికొచ్చేది 8 మి.గ్రా. జంతువుల్లో విషగుణ పరీక్షలకు అర కిలో కావాలి. 5,00,000ను 8తో భాగిస్తే 62,500 లీటర్లు. వీధిలోకి వచ్చే 5,000 లీటర్ల నీళ్ల ట్యాంకర్లు పన్నెండున్నర. సూక్ష్మజీవులను పెంచే వెయ్యి లీటర్ల ట్యాంకు, అంటే ఫెర్మెంటర్‌లో వారానికో విడత తీసినా ఏడాది దాటుతుంది. జన్యుమార్పులతో, మేత మార్చి దిగుబడిని లీటరుకు 2 గ్రాములకు తెస్తే, అదే పని 625 లీటర్లలో ఒక్క విడతలో అయిపోతుంది.

ఆ మెరుగుదలకు ఏళ్లు పడుతుంది. స్ట్రెప్టోమైసెస్ దారాలు పెరిగేకొద్దీ ద్రవం గంజిలా చిక్కబడి గాలి లోపలికి అందదు, గాలి పెంచితే నురగ పొంగుతుంది. జోరుగా తిప్పితే దారాలు తెగి దిగుబడి పడిపోతుంది. బ్యాక్టీరియాను చంపే ఫేజ్ అనే వైరస్ దూరిందంటే ఒక్క రాత్రిలో ట్యాంకు మొత్తం నీళ్లే. పదేపదే మార్చి పెంచిన జీవి యాంటీబయాటిక్ తయారీనే మర్చిపోవడం మరీ బాధాకరం, పళ్లెం మీద చూడ్డానికి అదే జీవిలా ఉంటుంది.

## డబ్బు ఎక్కడ తెగుతుంది

2019లో ప్రపంచంలో 12.7 లక్షల మరణాలకు మందుకు లొంగని బ్యాక్టీరియానే నేరుగా కారణమని అంచనా. ఇంత అవసరమున్న సరుకుకు గిరాకీ ఉండాలి. కానీ కొత్త యాంటీబయాటిక్‌ను డాక్టర్లు చివరి అస్త్రంగా దాచుకుంటారు, దాచుకోవాలి కూడా. రోగి వాడేది పది రోజులే. షుగర్ గోలీలా జీవితాంతం కొనడు. మట్టి బ్యాక్టీరియా మైక్రోమోనోస్పోరా ఇచ్చిన అణువును మార్చి ప్లాజోమైసిన్ తయారుచేసిన అమెరికా కంపెనీ ఎకావోజెన్‌కు 2018 జూన్‌లో అనుమతి వచ్చింది, 2019 ఏప్రిల్‌లో దివాలా తీసింది.

దీనికి బ్రిటన్ ఒక దారి పట్టింది. మొదట రెండు మందులకు, ఎంత వాడారన్నదానితో పనిలేకుండా, ఏడాదికింత అని చందా కట్టడం మొదలుపెట్టింది. అమ్మకం పెంచాల్సిన ఒత్తిడి కంపెనీకి ఉండదని సమర్థించేవాళ్ల మాట. పేద దేశాలు అంత చందా కట్టలేవు, ధర తగ్గించి అందరికీ అందించేలా ప్రభుత్వ డబ్బుతోనే పరిశోధన జరగాలని ఎదుటివాళ్ల మాట. మన దేశంలో 2024లో ప్రకటించిన నాఫిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ కుటుంబానిదే, ఈ రెండు దారుల మధ్యలోంచి వచ్చింది. వోకార్డ్ కంపెనీ, ప్రభుత్వ సంస్థ బైరాక్ తోడ్పాటు, పద్నాలుగేళ్లు, రూ.500 కోట్లు అని ప్రభుత్వ ప్రకటన. అది కొత్త మట్టి నుంచి రాలేదు. డెబ్బై ఏళ్ల పాత అణువుకు చేసిన మార్పు.

## మన్ను ఎవరిది?

ఇలోయిలో మట్టిని 1949లో అమెరికా కంపెనీ ఎలీ లిల్లీకి పంపింది అబెలార్డో అగ్విలార్ అనే ఫిలిప్పీన్స్ డాక్టర్. ఎరిత్రోమైసిన్ ప్రపంచమంతా అమ్ముడైంది, ఆయనకు రాయల్టీ అందలేదు. ఇలాంటివి జరగకూడదనే మన దేశం 2002లో జీవవైవిధ్య చట్టం చేసింది. విదేశీ సంస్థ మన మట్టిలోని జీవులను పరిశోధనకు తీసుకోవాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య సంస్థ అనుమతి ముందే కావాలి, లాభంలో వాటా ఇవ్వాలి. ఊరి స్థాయిలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు ఉండాలన్నదీ ఆ చట్టమే.

చిక్కేమంటే, ఇప్పుడు మట్టి కదలాల్సిన పనిలేదు. ఇక్కడే డీఎన్‌ఏ చదివి ఇంటర్నెట్‌లో పెడితే, ఇంకో ఖండంలో దాన్ని కట్టుకోవచ్చు. అలాంటి వాడకంపై కంపెనీలు వాటా జమచేయడానికి 2025 ఫిబ్రవరిలో కాలీ నిధి అనే అంతర్జాతీయ నిధి మొదలైంది, అదీ స్వచ్ఛందమే. అనుమతుల జాప్యం మన సొంత పరిశోధకులకే అడ్డమవుతోందన్న ఫిర్యాదు కూడా కొట్టిపారేయదగ్గది కాదు.

## పొలంలో మందు, పుండు మీద మన్ను

పత్తిలో నల్లమచ్చకు, వరిలో బ్యాక్టీరియా ఎండాకు తెగులుకు మన రైతులు ఏళ్ల తరబడి కొట్టిన ప్లాంటోమైసిన్ లాంటి పొడుల్లో ఉన్నవి స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్. మనుషులకిచ్చే మందులే. పంటలపై వీటి మిశ్రమం వాడకాన్ని కేంద్రం 2024 జనవరి 1 నుంచి పూర్తిగా నిషేధించింది. మందు పుట్టిన మట్టిలోకే మందును కుమ్మరిస్తే, ప్రతిరోధక జన్యువులున్నవే అక్కడ మిగులుతాయి. వాలిడామైసిన్, కాసుగామైసిన్ మనుషుల వైద్యంలో లేవు కాబట్టి వాటి మీద ఇంత పట్టుదల లేదు.

ఇక మట్టిలో యాంటీబయాటిక్ ఉంది కాబట్టి పుండుకు మన్ను పూయవచ్చని కొందరనుకుంటారు, అది తప్పు. మట్టిలో ఆ మందు మోతాదు లెక్కకు రానంత. ధనుర్వాతం స్పోర్లు మాత్రం నిండా ఉంటాయి. వరి మడి బురదలో ఉండే బర్క్‌హోల్డేరియా సూడోమల్లై చీలిన చర్మంలోంచి దూరితే మెలియాయిడోసిస్ వస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకు అది ప్రాణాంతకం, చాలా యాంటీబయాటిక్‌లకు లొంగదు.

## పాకాల మట్టిలో ఉందా?

ఉండొచ్చు. రేగడిలో ఒక రకం, చెలకలో ఇంకో రకం, చెరువు పూడికలో, పుట్టమన్నులో వేరే రకం జీవులు ఉంటాయి, వాటిలో ఎవరూ చూడనివీ ఉంటాయి. కోటికి ఒకటి అన్న లెక్కకు కావలసింది వైవిధ్యం, అది ఇక్కడ ఉంది. పుణె దగ్గరి పింప్రి మట్టి నుంచి హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ శాస్త్రవేత్తలు 1960ల తొలినాళ్లలోనే హామైసిన్ అనే ఫంగస్ మందు తీశారు.

ఎక్కువగా పోగొట్టుకునేది దొరికాక. విద్యార్థి డిగ్రీ పూర్తయ్యాక ఫ్రిజ్‌లోని అగార్ గొట్టాలు ఎండిపోతాయి, ఆ జీవి పోయినట్టే, పత్రంలో ఒక జోన్ ఫొటో మిగులుతుంది. అదే స్పోర్లను 20 శాతం గ్లిజరాల్‌లో కలిపి మైనస్ 80 డిగ్రీల దగ్గర ఉంచితే ఏళ్లు బతుకుతాయి. ఎండబెట్టిన నమూనా ఒకటి చండీగఢ్‌లోని ఎంటీసీసీ లాంటి సూక్ష్మజీవుల భాండాగారానికి చేరితే, కరెంటు పోయినా ఇంకో చోట ఉంటుంది.

టర్కీలోని అరారత్ కొండ మట్టి నుంచి వచ్చిన డాప్టోమైసిన్‌ను 1980ల్లో ఎలీ లిల్లీ పరీక్షించి, రోజుకు రెండుసార్లు ఇస్తే కండరాలు దెబ్బతింటున్నాయని పక్కన పెట్టేసింది. 1997లో క్యూబిస్ట్ అనే చిన్న కంపెనీ హక్కులు తీసుకుని, రోజుకు ఒక్కసారే ఇచ్చి చూసింది. కండరాలకు దెబ్బ తగ్గింది, మందు పనిచేసింది. 2003లో అనుమతి వచ్చింది. జీవి, లెక్కలు రెండూ భద్రంగా ఉండబట్టే ఏళ్ల తర్వాత ఆ ప్రశ్న మళ్లీ వేయగలిగారు.